క్రూజ్‌కు అమ్మను తీసుకెళ్తున్నాం: వాంతుల మాత్ర ముందే వేయాలా, వద్దా?

తుంగభద్ర గట్టు
మాది కర్నూలు. చెన్నై నుంచి బయలుదేరే క్రూజ్‌లో రెండు రాత్రుల ట్రిప్పు అనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, అమ్మ, నాన్న. బెంగంతా అమ్మ గురించే. శ్రీశైలం పోయేటప్పుడు ఆత్మకూరు దాటి అడవిలో మలుపులు మొదలైతే చాలు, కవర్ తెరిచి పట్టుకుని కూర్చుంటుంది. అవోమిన్ ముందే వేద్దామని నేనంటున్నా. నాన్న వద్దంటున్నారు. "మాత్రకు అలవాటు పడితే ప్రతిదానికీ మాత్రే. కాస్త ఓర్చుకుంటే అదే పోతుంది" అని ఆయన మాట. ఏజెంటేమో అంత పెద్ద షిప్పు కదలనే కదలదు, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది అంటున్నాడు. సముద్రం మీద పోయొచ్చినవాళ్లు చెప్పండి.

కారం దోశ
టికెట్ అమ్మేవాడికి సముద్రం ఎప్పుడూ ప్రశాంతమే అక్కా.

బురుజు నీడ
అమ్మా, మీ నాన్న చెప్పిందే సరైంది. నేను చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు షిప్పులో పోయొచ్చినవాణ్ణి. మూడు రోజులకు దగ్గరగా పడుతుంది, మధ్యలో దిగడానికి చోటుండదు. ఒక్క మాత్ర వేసుకోలేదు. పొద్దున్నే డెక్ మీదికి పోయి నిలబడేవాణ్ణి, పెరుగన్నం తినేవాణ్ణి, జేబులో నిమ్మకాయ ఉండేది. అంతే. మాత్ర వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. అంత డబ్బు పోసి షిప్పెక్కేది గదిలో గురక పెట్టడానికా?

ఇంకో మాట. ఘాట్ రోడ్డుకూ సముద్రానికీ పోలిక పెట్టకండి. బస్సులో వాంతులయ్యేది డీజిల్ కంపుకు, డ్రైవరు కొట్టే బ్రేకులకు. డెక్ మీద ఆ రెండూ ఉండవు. బస్సులో వాంతి చేసుకున్నవాళ్లు షిప్పులోనూ చేసుకుంటారనేది వట్టి భయపెట్టే మాట.

మాత్రల డబ్బా
కడపలో మందుల షాపు నడుపుతున్నాను. తిరుమల పోయేవాళ్లు, రాయచోటి వైపు ఘాట్ ఎక్కేవాళ్లు అవోమిన్ అడగని రోజుండదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

బస్సయినా షిప్పయినా గొడవ చెవి లోపలే. మనం ఎటు ఊగుతున్నామో, ఎటు తిరుగుతున్నామో కనిపెట్టే భాగం అక్కడుంటుంది. క్యాబిన్‌లో కూర్చుంటే కళ్లకు గోడలు కదలకుండా కనిపిస్తాయి. చెవి మాత్రం ఊగుతున్నామని చెబుతుంది. ఈ రెండూ పొసగక తల తిరగడం, నోట్లో నీళ్లూరడం, వాంతులు. బస్సులో ఫోను చూస్తే కడుపులో తిప్పేదీ ఇందుకే. డీజిల్ వాసన దాన్ని పెంచుతుంది గానీ అసలు కారణం అది కాదు. బురుజు అన్న డెక్ మీద బాగున్నారంటే ధైర్యం కన్నా, దూరాన ఆకాశం నీళ్లను కలిసే గీత చేసిన మేలే ఎక్కువ. అది కంటికి కనిపిస్తుంటే చెవి చెప్పేదానికీ కన్ను చెప్పేదానికీ తేడా తగ్గుతుంది.

ఇక మాత్ర. అవోమిన్‌లో ఉండేది ప్రోమెథజైన్. దూర ప్రయాణానికైతే ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు, లేదంటే ఎక్కడానికి గంట, రెండు గంటల ముందు వేసుకుంటారు. తిప్పడం మొదలయ్యాక వేస్తే లాభం తక్కువ. అప్పటికే కడుపు మందగించి ఉంటుంది, మాత్ర కూడా వాంతిలోనే పోతుంది. చాలామంది ఓండాన్‌సెట్రాన్ ఇవ్వమంటారు. అది ఆపరేషన్ తర్వాత, కీమో తర్వాత వచ్చే వాంతులకు మంచి మందే గానీ ప్రయాణపు వాంతులను పెద్దగా ఆపదు. జలుబుకు వాడే సెటిరిజిన్ కూడా దీనికి పనికిరాదు.

నిద్ర వచ్చే మాట నిజం. పెద్దవాళ్లు తూలిపడే ప్రమాదం ఉంది. మద్యం తాగి మాత్ర వేసుకోకూడదు. గ్లాకోమా ఉన్నవాళ్లు, ప్రొస్టేట్ పెరిగినవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. బాబుకు ఎంత వేయాలో పిల్లల డాక్టరే చెప్పాలి.

ఉగ్గాని బజ్జి
అల్లం మురబ్బా తీసుకెళ్లండక్కా. మా ఇంట్లో ఎవరు బస్సెక్కినా అదే.

మాత్రల డబ్బా
అల్లంతో కొందరికి నయంగా ఉంటుంది, కొందరికి ఉండదు. సంచిలో పెట్టుకోండి, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

బురుజు నీడ
మందుల షాపువాడు మాత్ర వద్దని ఎందుకంటాడు? నేనడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. ఘాట్ రోడ్డులో వాంతి చేసుకునే మనిషి షిప్పులో కచ్చితంగా చేసుకుంటుందా, లేదా? అవునో కాదో ఒక్క మాట చెప్పు.

మాత్రల డబ్బా
ఒక స్ట్రిప్పు అమ్మితే నాకు టీ డబ్బులు కూడా మిగలవన్నా. కచ్చితంగా అని ఎవరూ చెప్పలేరు. బస్సు పడనివాళ్లకు షిప్పు కూడా పడకపోయే అవకాశం ఎక్కువ. షిప్పు ఊగేది నెమ్మదిగా, ఆగకుండా. గతుకుల కుదుపుల కన్నా ఆ నెమ్మది ఊపే కడుపును ఎక్కువ తిప్పుతుంది.

బురుజు నీడ
అంటే చెప్పలేవు. నేనన్నదీ అదే.

పెన్నేటి ఇసుక
అనంతపురం నుంచి. మాత్ర గొడవ మీరు తేల్చుకునేలోపు గది చూసుకోమనండి. బుక్ చేసేటప్పుడు అందరూ పై అంతస్తు, బాల్కనీ అని ఎగబడతారు. పడనివాళ్లకు అక్కడే నరకం. షిప్పు ఏతం మాను లాంటిది, కొసలు లేచి పడతాయి, నడుమ కదలిక తక్కువ. కింది అంతస్తులో, మధ్య భాగంలో, కిటికీ ఉన్న గది అడగండి. ఇప్పటి షిప్పులకు నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. పక్కలకు ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందూ వెనకా లేచి పడేదాన్ని అంతగా ఆపలేవు.

నెల కూడా చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు, ఆ తర్వాత డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. సంక్రాంతి దాటి మార్చి లోపు పోతే అలలు తక్కువ. ఏజెంట్లు డిస్కౌంట్ ఏ నెలలో ఇస్తున్నారో ఒకసారి చూడండి, అర్థమవుతుంది.

తుంగభద్ర గట్టు
మాకు చెప్పింది జూలై అన్నా! ఆఫర్ ఉందని.

పెన్నేటి ఇసుక
చెప్పాను కదా.

బురుజు నీడ
నేను పోయింది కూడా వానాకాలమే. ఏం కాలేదు. అసలు సంగతి చెబితే కొందరికి కోపం వస్తుంది. మన ఆడవాళ్లు ఘాట్ రాకముందే నిమ్మకాయ చేతిలోకి తీసుకుంటారు, కవర్ రెడీ చేసుకుంటారు, "నాకేదో అవుతోంది" అని మొదలుపెడతారు. సగం వాంతి అక్కడే వచ్చేస్తుంది. మనసు గట్టిగా ఉంచుకుంటే ఏ మాత్రా అక్కర్లేదు. మీ నాన్న అనేది కూడా ఇదే అనుకుంటా.

గువ్వలచెరువు మలుపు
ఇంతసేపూ ఊరికే చదువుతున్నా. ఇక రాయక తప్పదు.

మనసు గట్టిగా ఉంచుకోవడమా అన్నా? పెళ్లయిన కొత్తలో తిరుమల ఘాట్‌లో నాకు వాంతులైతే మా అత్త "పుట్టింట్లో గారాబం ఎక్కువైంది" అంది. మా ఆయన పక్కకు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో దానికి నాటకం అని పేరు. పోయిన ఏడాది మా మరిది అందరికీ కలిపి షిప్పు టికెట్లు బుక్ చేసి, ఆ తర్వాత నాకు చెప్పాడు. నేను రానన్నా. "డబ్బులు కట్టేశాం, నీ ఒక్కదాని కోసం అందరూ మానుకోవాలా" అన్నారు. వెళ్లాను. పై అంతస్తులో, ముందు కొసన గది. మొదటి సాయంత్రమే పడిపోయాను. మంచినీళ్లు కూడా నిలవలేదు. మా ఆయన డాక్టర్ని పిలిపించి పాటల షోకు వెళ్లిపోయాడు. ఆ రాత్రి తలుపు అవతల పిల్లలు నవ్వుకుంటూ పోతుంటే నేను బాత్రూమ్ నేల మీద ఉన్నాను. దిగాక ఆయన ఏమన్నాడో తెలుసా? "అందరి మూడ్ పాడుచేశావు" అని.

మాత్ర వేయాలా వద్దా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. ఆమెకు వెళ్లాలని ఉందా లేదా అని ఒక్కరైనా అడిగారా?

బురుజు నీడ
నీ ఇంటి గొడవకు నేనేం చేయాలి తల్లీ? ఇక్కడడిగింది మాత్ర గురించి. ఘాట్ రోడ్డు పోలిక తప్పు అన్నాను, ఇప్పటికీ అంటాను.

కారం దోశ
ఇంకా ఘాట్ రోడ్డేనా అన్నా 🙏

మాత్రల డబ్బా
అన్నా, మనసు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతా. 1950ల చివర్లో అమెరికా వాళ్లు అంతరిక్ష ప్రయాణం కోసం పరీక్షలు చేస్తూ గాలడెట్ కాలేజీ నుంచి 11 మంది చెవిటివాళ్లను తీసుకున్నారు. వాళ్లలో దాదాపు అందరికీ చిన్నప్పుడు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి చెవి లోపలి భాగం దెబ్బతింది. పొంగుతున్న సముద్రంలో వాళ్లను పడవెక్కిస్తే హాయిగా పేకాడుకున్నారు. పరీక్ష చేయడానికి వెంట వెళ్లినవాళ్లు వాంతులతో పడిపోయారు. ఆ పరీక్షలు చేసినవాళ్లందరికీ మనసు గట్టిగా లేదంటావా? చెవిలోని ఆ భాగం పనిచేయనివాడికి సముద్రం ఏమీ చేయదు. పనిచేసేవాళ్లలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. పిల్లల్లో రెండేళ్ల లోపువాళ్లకు దాదాపు రాదు, బడి వయసులో ఎక్కువ. ఆడవాళ్లకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ. నిమ్మకాయ ముందే పట్టుకోవడం నాటకం కాదు, ఏం జరగబోతోందో తెలిసి పట్టుకోవడం.

బురుజు నీడ
సరే, పుస్తకాలు చదివినవాడివి. నేను కళ్లారా చూసింది చెబుతా. ఆ పోర్ట్ బ్లెయిర్ షిప్పులో మా ఇంటామె కూడా ఉంది. పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. డెక్ మీదికి రమ్మని ఎంత బతిమాలినా లేవలేదు. లేచి వచ్చుంటే నాలాగే సర్దుకునేది. మూడో రోజుకు అందరికీ అలవాటవుతుంది కదా, ఆ మాట నువ్వే చెప్పు. ఆ తర్వాత ఆమె నాతో ఎక్కడికీ రాలేదు. కాశీకి ఒక్కణ్ణే పోయినా. రామేశ్వరానికీ ఒక్కణ్ణే. రిటైరైతే ఇద్దరం కలిసి తిరుగుదామని ఉద్యోగమంతా అనుకున్నాను. ఇప్పుడు ఆటో ఎక్కమన్నా "నాకు పడదు" అంటుంది. పడకపోవడం ఎంత, రాకూడదనుకోవడం ఎంత? దానికి ఏ షాపులో మాత్ర ఉంది?

గువ్వలచెరువు మలుపు
ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఆమె రానన్నది మీకు కోపం. వాంతి కాదు.

రెండు మూడు రోజుల్లో చాలామందికి సర్దుకుంటుంది, నిజమే. ఈ అక్క వెళ్లేది రెండు రాత్రులకే, సర్దుకునే సమయానికి దిగిపోతుంది. అందరికీ అలవాటవుతుందనేది కూడా నిజం కాదు. డార్విన్ బీగిల్ ఓడలో 1831 నుంచి 1836 దాకా తిరిగాడు, చివరిదాకా బాధపడుతూనే ఉన్నాడు. ఆయనకు ఓర్పు లేదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆయన ఎవరి కోడలూ కాదు.

పడనిదాన్ని పడదంటే మీకు వినిపించేది "నువ్వంటే ఇష్టం లేదు" అని. మీ ఇంటామె డెక్ మీదికి రాలేదని ఇన్నేళ్లూ లెక్క పెట్టుకున్నారే, మీరు ఒక పూటైనా ఆ గదిలో ఆమె పక్కన కూర్చున్నారా?

బురుజు నీడ
అది నీకు అనవసరం.

నిర్వాహకులు
ఇళ్ల సంగతులు వదిలేసి విషయానికి రండి. ఇంకోసారి చెప్పం.

తుంగభద్ర గట్టు
అందరికీ థాంక్స్. మలుపు అక్క రాసింది చదివి నిన్న అమ్మను అడిగాను, అసలు నీకు రావాలని ఉందా అని. ఉందట! చాలా ఉందట. చిన్నప్పుడు మచిలీపట్నంలో చుట్టాలింటికి పోయినప్పుడు ఒడ్డున నిలబడి చూడటమే గానీ నీళ్ల మీదికి ఎప్పుడూ పోలేదట. "వాంతయితే అవుతుందిలేవే, కడుక్కుంటా. మీ నాన్న అల్లుడి ముందర ఓర్చుకో ఓర్చుకో అంటాడు చూడు, దానికే నాకు జంకు" అంది. నాన్న పక్క గదిలోనే ఉన్నారు. విన్నారో లేదో తెలీదు, టీవీ సౌండ్ మాత్రం తగ్గింది.

జూలై మానేశాం. ఫిబ్రవరికి అడుగుతున్నాం, కింది అంతస్తులో మధ్య గది. రేటు కాస్త ఎక్కువే.

గువ్వలచెరువు మలుపు
ఉందంటే తీసుకెళ్లు. నాకడ్డేం లేదు. ఆమె పడుకుంటానన్నప్పుడు మాత్రం పడుకోనివ్వండి, ఎవరూ లేపొద్దు. ఒకరు గదిలో ఉండండి.

మాత్రల డబ్బా
అమ్మగారికి బీపీ, షుగర్ మాత్రలు ఏమున్నాయో రాసుకుని డాక్టర్‌కు చూపించి అప్పుడు అవోమిన్ వేయండి. ఎక్కేముందు కడుపు ఖాళీగా ఉంచొద్దు, నూనెవి పెట్టొద్దు. ఇడ్లీ, పెరుగన్నం చాలు. బాబు చేతికి ట్యాబ్ ఇవ్వొద్దు. నాన్నగారికి ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా?

తుంగభద్ర గట్టు
ప్రొస్టేట్‌కు మాత్ర వాడుతున్నారు. అయినా ఆయనకు అవసరం లేదంటున్నారుగా!

మాత్రల డబ్బా
అయితే ఆయన అవోమిన్ జోలికి పోకూడదు, మూత్రం బిగుసుకుపోవచ్చు. అమ్మ స్ట్రిప్పు ఆయన చేతికి అందే చోట పెట్టకండి. షిప్పులో పరువు కోసం చాటుగా వేసుకునే మగవాళ్లు ఉంటారు.

ఉగ్గాని బజ్జి
😂 నాన్నకు అల్లం మురబ్బా ఇవ్వండి.

బురుజు నీడ
ఫిబ్రవరిలో సముద్రం చెరువులా ఉంటుంది. ఎవరికీ ఏ మాత్రా అవసరం రాదు, రాసిపెట్టుకోండి.

మాత్రల డబ్బా
అవసరం లేదని తెలిసేది దిగాక కదన్నా. వేసుకోవాల్సింది ఎక్కకముందు.