పిల్లల మిషన్‌లో రెండు నెలల సేవ: వెళ్లనివ్వాలా, ఆపాలా?

కృష్ణాతీరం:
మా తమ్ముడి కూతురు డిగ్రీ పూర్తిచేసింది. కంబోడియాలోని సియెమ్ రీప్‌లో ఒక పిల్లల మిషన్‌కు, అంటే సేవాసంస్థ నడిపే పిల్లల ఆశ్రమానికి, రెండు నెలల సేవకు వెళతానంటోంది. అక్కడ పసిబిడ్డలు కూడా ఉంటారట. ఇంట్లో కొందరు పుణ్యం అంటున్నారు, కొందరు వద్దంటున్నారు. అలాంటి చోట పనిచేసినవారు చెప్పండి.

వానచినుకు:
నేను అదే ఊళ్లో, వేరే మిషన్‌లో పనిచేశాను. తెల్లవారకముందే పొయ్యి మీద బియ్యపు గంజి ఉడుకుతుంది. పెద్ద బానల్లో నీళ్లు ముంచి చిన్నవాళ్లకు స్నానం చేయించాలి, తలలో పేలు చూడాలి, బడికి వెళ్లేవాళ్ల తెల్లచొక్కాలకు గుండీలు పెట్టాలి. అక్కడి ప్రభుత్వ బడులు చాలావరకు రెండు పూటలుగా నడుస్తాయి. పొద్దున కొందరు, మధ్యాహ్నం కొందరు వెళతారు కాబట్టి ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఇంగ్లిషు పాఠం, బట్టల ఉతుకు, అన్నం, ఎండుచేప, సాయంత్రం ప్రార్థన. జ్వరమొచ్చిన బిడ్డ పక్కన రాత్రి జాగారం.

పని కష్టమని నేను వద్దనడం లేదు. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే మూడేళ్ల పిల్ల పరుగున వచ్చి కాళ్లు చుట్టేసుకుంటుంది. అమ్మ దగ్గర పెరిగే పిల్ల కొత్తమనిషిని చూస్తే కొంగు చాటున దాక్కుంటుంది కదా! ముక్కూ మొహం తెలియని వాళ్ల చంక ఎక్కే పిల్లను చూసి మనం మురిసిపోతాం, నిజానికి దిగులు పడాలి. ఎత్తుకున్నవాళ్లంతా వెళ్లిపోతుంటే పసివాళ్లకు అలా అలవాటవుతుంది. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో, ఆశ్రమాల నుంచి పెంపుడు కుటుంబాలకు, అందులోనూ రెండేళ్లలోపే, చేరిన పిల్లలు బాగా కోలుకున్నారు.

ఇంకొకటి. కంబోడియా ఆశ్రమాల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011లో యునిసెఫ్ అధ్యయనం చెప్పింది. చదువు, తిండి దొరుకుతాయని పేదవాళ్లు పిల్లలను పంపుతారు. పర్యాటకులు, విరాళాలు పెరిగినకొద్దీ ఆశ్రమాలూ పెరిగాయి.

దీపకాంతి:
వానచినుకు గారూ, మీ లెక్కలు కాదనను. కానీ నేను పనిచేసిన చోట నడవలేని, మాట్లాడలేని పిల్లలు ఉండేవారు. వాళ్లను తీసుకెళ్లడానికి ఏ కుటుంబమూ రాలేదు. ఆయాలకు చేతులు చాలక, సీసాకు దిండు ఆనించి పక్క బిడ్డ దగ్గరికి పరుగెత్తేవారు. అప్పుడు ఆ బిడ్డను ఒళ్లోకి తీసుకుని పాలు పట్టే మనిషి వస్తే, ఆమె రెండు నెలలకు వెళ్లిపోతుందని వద్దనమంటారా? ఆ పూట ఆకలి సంగతేమిటి?

వానచినుకు:
ఆ బిడ్డ మాట వింటే నాకూ గుండె బరువెక్కుతుంది. అందుకే మరో ఆయాను పెట్టమంటున్నాను. మన అమ్మాయి విమానం టికెట్టు డబ్బుతో ఆ ఊరి మనిషికి నెలల తరబడి జీతం ఇవ్వవచ్చు. ఆమెకు ఆ భాష వచ్చు, వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. ఫిజియోథెరపిస్టు వెళ్లి ఆయాలకు పని నేర్పితే నేనే చేతులెత్తి మొక్కుతాను. అనాథలని చూపించి డబ్బు రాబట్టడానికి పిల్లలను ఆశ్రమాలకు తరలించడం ఆధునిక బానిసత్వమేనని ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు గుర్తించింది. ఇది ఊరికే పుట్టిన భయం కాదు.

కృష్ణాతీరం:
మిషన్ పంపిన కాగితాలు ఇప్పుడే చూశాను. ఫీజు ఎంతో రాశారు. పోలీసు ధ్రువపత్రం అడగలేదు. ఎంతమంది పిల్లలు తిరిగి ఇళ్లకు చేరారో ఎక్కడా లేదు.

దీపకాంతి:
ధ్రువపత్రం అడగకుండా పసిపిల్లల గదిలోకి రానిచ్చే చోటికి నేనూ పంపనండీ. అయితే సేవే వద్దనే మాట మాత్రం ఒప్పుకోను. ఒక ఏడాది ఉండగలిగితే, భాష నేర్చుకుని ఒకే గదిలో అవే పిల్లలతో ఉంటానంటే, మంచి చోటు చూసి వెళ్లనివ్వండి.

వానచినుకు:
ఏడాదైనా పసిబిడ్డల గదికి నేను వద్దనే అంటాను. వంటింట్లో, లెక్కల పనిలో, ఆయాలకు తోడుగా అయితే నాకు అభ్యంతరం లేదు.