కుక్కను వాకిట్లో ఆపాలంటే గొలుసా, గోడా, కరెంటు పట్టీనా?

వడ్డేపల్లి_గట్టు:
అందరికీ నమస్తే. మాది హన్మకొండలో 200 గజాల ఇల్లు. ముందు కొంచెం ఖాళీ జాగా, చుట్టూ నాలుగడుగుల గోడ. మా బంటిగాడు దేశీ కుక్క, రెండేళ్లు. ఇన్నాళ్లు బాగానే ఉన్నాడు, ఈమధ్య రోజూ గోడ దూకుతున్నాడు. మొన్న ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లాడి వెంటపడ్డాడు. కరవలేదు కానీ పిల్లాడు సైకిల్ మీది నుంచి పడి మోకాలు చెక్కుకుపోయింది. వాళ్ల నాన్న ఇంటికొచ్చి గట్టిగానే అడిగాడు. తప్పు మాది, తల వంచుకుని విన్నాను.

ఇప్పుడు ఇంట్లో మూడు పార్టీలు. నాన్న గొలుసేసి కట్టేయమంటాడు. మా ఆవిడ గోడ లేపుదామంటుంది. నా మనసు ఆన్‌లైన్‌లో చూసిన కరెంటు పట్టీ మీదుంది. జాగా చుట్టూ భూమిలో సన్నటి వైరు పూడ్చాలి, కుక్క మెడలో పట్టీ ఉంటుంది. వైరు దగ్గరికి పోతే ముందు బీప్ అంటుంది, ఇంకా పోతే చిన్న షాక్ ఇస్తుంది. గోడ ఖర్చుతో చూస్తే చాలా తక్కువ. వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నర్సంపేట_మక్కచేను:
తమ్మీ, దీనికింత ఆలోచనా? మా ఇంట్లో తాతల కాలం నుంచి కుక్కలున్నాయి. పొద్దంతా గొలుసు, రాత్రి అందరూ పడుకున్నాక విప్పుడు, తెల్లారి మళ్లీ కట్టుడు. మీ నాన్న చెప్పిందే కరెక్ట్. పెద్దమనిషి మాట విను, పైసలు మిగులుతాయి.

రెండుగేట్ల_ఇల్లు:
ఆ పట్టీ నేను ఆరు నెలలు వాడాను అన్నా. మాది లాబ్రడార్. మొదటి మూడు వారాలు వైరు వెంట చిన్న జెండాలు పాతి, తాడు పట్టుకుని తిప్పుతూ, బీప్ వినగానే వెనక్కి రావడం నేర్పాం. నేర్చుకుంది. రెండు నెలలు హాయి.

దీపావళి రాత్రి ఎదురింటివాళ్లు లడీ ముట్టించారు. బీప్ లేదు, షాక్ లేదు, ఒకటే ఉరుకు. ఆ భయంలో దానికి షాక్ తెలిసిందో లేదో కూడా చెప్పలేను. అసలు తమాషా తర్వాత. గంటకు భయం తగ్గి ఇంటికొచ్చింది. గేటు దాకా వస్తుంది, బీప్ వినగానే వెనక్కి పోతుంది. బయటికి పోయేటప్పుడు ఎంత షాకో లోపలికి వచ్చేటప్పుడూ అంతే కదా! రోడ్డు మీద కూర్చుని కుయ్యి కుయ్యి అంటుంటే, నేను ప్లగ్ పీకేసి లోపలికి తెచ్చుకున్నాను.

ఇంకో సంగతి. ఆ వైరు నీ కుక్కను ఆపుతుందేమో, వీధికుక్కలను ఆపదు, కోతులను ఆపదు. మనది కోతులు లేని ఊరా? పట్టీకి రోజూ చార్జింగ్ చూసుకోవాలి. రోజంతా మెడకే ఉంచితే ఆ లోహపు మొనలు ఒత్తుకుని పుండు పడుతుంది, మా దానికి పడింది. చివరికి నల్లా పైపు కోసం తవ్వినవాళ్లు వైరు తెంపారు. నేను మళ్లీ అతికించలేదు.

వడ్డేపల్లి_గట్టు:
కోతుల సంగతి అస్సలు తట్టలేదన్నా. మా గల్లీకి వారానికి రెండుసార్లు దండయాత్ర.

కాజీపేట_అమ్మ:
నాకు కుక్క లేదు. ఇద్దరు పిల్లలున్నారు, అందుకే రాస్తున్నాను. 2023 మేలో ఇక్కడ రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కలు ఒక బాబును చంపేశాయి. అప్పటి నుంచి మా వాడకట్టులో పిల్లలు ఏ కుక్కను చూసినా వణుకుతారు. పెంపుడుదా, వీధిదా అని మెడ చూసి భయపడరు కదా.

మా చిన్నోడిని కరిచింది మాత్రం పెంపుడు కుక్కే. సర్కారు దవాఖానలో 0, 3, 7, 28 రోజులకు సూదులు వేయించాం, నాలుగుసార్లు స్కూల్ మాన్పించి, నాలుగుసార్లు వాడి ఏడుపు విని. కుక్కకు ఏమన్నా అవుతుందేమోనని పది రోజులు ఆ ఇంటికేసి చూస్తూ కూర్చున్నాం. యజమాని మాత్రం ప్రతిసారీ "మాది ఏమీ చేయదమ్మా" అన్నాడు.

భూమిలో వైరు ఉందని మీకు తెలుసు, మీ బంటికి తెలుసు. రోడ్డు మీద పోయే నాకెట్లా తెలుస్తుంది? నాకు కనిపించేది మీదికి ఉరికొచ్చే కుక్క. 2023 జనవరిలో హైదరాబాద్‌లో ఒక డెలివరీ అబ్బాయి పెంపుడు కుక్క తరిమితే మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. దాని పళ్లు తగిలే దాకా ఆగనవసరం లేదు.

దవాఖాన_అటెండర్:
అక్క చెప్పింది నిజం. నేను డాక్టర్‌ను కాను, పశువుల దవాఖానలో ఇరవై ఏళ్లు పనిచేశాను. కళ్లతో చూసినవి చెప్తాను.

గొలుసు గురించి ముందు. గోడ పక్కన కట్టేస్తారు. గొలుసు గోడ దాటేంత పొడుగుంటుంది, అవతల నేలకు అందేంత ఉండదు. కుక్క దూకుతుంది, వేలాడుతుంది. అట్లాంటివి రెండు నా చేతుల మీదికి వచ్చాయి. రెండూ బతకలేదు. రోహిణి కార్తెలో నీడ జరిగిపోతుంది, గొలుసు జరగదు. నీళ్ల గిన్నె తన్నుకుంటే సాయంత్రం దాకా అంతే. ఏళ్ల తరబడి కట్టేసి పెంచిన కుక్క విడిపించుకున్న రోజున ఎట్లా ఉంటుందో నర్సంపేట అన్నకూ తెలిసే ఉంటుంది.

2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు మనుషులే డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ నీళ్లలో గొలుసు విప్పడానికి ఎవరు దిగుతారు చెప్పండి?

ఇప్పుడు మీ బంటి. మూడు ప్రశ్నలు. గోడ ఎక్కడ దూకుతున్నాడు? అక్కడ గోడకు ఆనుకుని ఏముంది? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? చిత్త కార్తె వస్తే మగ కుక్కను ఏ గోడా ఆపదు, ఆ సామెతలు ఊరికే పుట్టలేదు.

నర్సంపేట_మక్కచేను:
వరద రోజూ వస్తుందా అన్నా? గోడకు పైసలు నువ్విస్తావా? గొలుసు తప్పు కాదు, కట్టేవాడు తప్పు. నేను చింతచెట్టు కింద, గోడకు దూరంగా కడతాను. తిరిగే కొక్కెం ఉంటుంది, మెలిక పడదు.

గీసుకొండ_77:
గోడ మీద రెండు వరసల తీగ లాగి ఇంటి కరెంటు కొంచెం ఇస్తే సరి. కోతులకూ కుక్కకూ ఒకటే మందు.

దవాఖాన_అటెండర్:
బాబూ, ఆ మాట ఇక్కడే ఆపు. "కొంచెం" కరెంటు అని ఉండదు. అడవిపందుల కోసం చేనుకు పెట్టిన తీగలకు మన దగ్గర ఎంతమంది మనుషులు పోతున్నారో పేపర్‌లో చదవడం లేదా? సోలార్ ఫెన్సింగ్‌లో మెషీన్ క్షణకాలం కొట్టి వదులుతుంది. ఇంటి కరెంటు పట్టుకుంటే వదలదు.

కోర్టుగల్లీ:
చట్టం మాట రెండు ముక్కల్లో. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద, జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా యజమాని జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది వడ్డేపల్లి తమ్ముడికి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కుక్కను మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టే ఉంచి తిప్పకపోవడం కూడా నేరమే. ఇది నర్సంపేట అన్నకు. అయితే దానికి మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. చాయ్ బిస్కెట్ ఖర్చు.

వడ్డేపల్లి_గట్టు:
అటెండర్ సార్ అడిగినందుకు రెండు రోజులు కిటికీలోంచి కాపలా కాశాను. బంటి నేల మీది నుంచి దూకడం లేదు. మూలన నీళ్ల డ్రమ్ము ఉంది, దాని మీదికెక్కి అక్కడి నుంచి గోడ మీదికి, అక్కడి నుంచి బయటికి. మెట్లు మేమే కట్టిచ్చాం! డ్రమ్ము జరిపితే ఒక పూట ఆగాడు. సాయంత్రానికి గేటు కింద సందులో తవ్వడం మొదలుపెట్టాడు. ఇంకొకటి కూడా చూశాను. పొద్దున చెత్త బండి పాట వినిపించగానే మా ఆవిడ గేటు బార్లా తీసి బుట్ట పట్టుకుని పోతుంది. వాడు సగం రోజులు దర్జాగా గేటులోంచే పోతున్నాడు. ఆపరేషన్ చేయించలేదు.

రెండుగేట్ల_ఇల్లు:
నా పేరు చూడు తమ్మీ, ఊరికే పెట్టుకోలేదు. పట్టీ తీసేశాక గేటు లోపల నాలుగడుగుల దూరంలో ఇంకో చిన్న గేటు పెట్టించాను, తనంతట తానే మూసుకునే స్ప్రింగుతో. ఒకటి తీస్తే ఇంకోటి మూసి ఉంటుంది. గేటుకు లోపలి నుంచి రేకు కొట్టించు. రోడ్డు మీద సైకిల్ కనిపించకపోతే సగం ఆవేశం తగ్గుతుంది.

దవాఖాన_అటెండర్:
గోడ మొత్తం లేపనక్కరలేదు. పైన రెండడుగుల జాలీ, నిటారుగా కాకుండా లోపలికి వంచి బిగించండి. పైకి చూసిన కుక్కకు తల మీద కప్పు కనిపిస్తుంది, ఎక్కడానికి పట్టు దొరకదు. గేటు కింద బండ వేయించండి. గాజు పెంకులు మాత్రం వద్దు, ఆ కాళ్లకు కుట్లు వేసి వేసి విసిగిపోయాం.

వడ్డేపల్లి_గట్టు:
జాలీ, రేకు, బండ ఖాయం. వెల్డర్ ఆదివారం వస్తానన్నాడు. చిన్న గేటుకు జాగా సరిపోయేలా లేదు. అందుకే చెత్త బండి, పాలు వచ్చే ఆ అరగంట వాడిని గోడకు దూరంగా కట్టేస్తాం. నాన్నకు అంతవరకు సంతోషం. ఆపరేషన్ అంటే మాత్రం ఒప్పుకోవడం లేదు, కాపలా కాయడం మానేస్తాడంటున్నాడు.

దవాఖాన_అటెండర్:
కాపలాకూ దానికీ సంబంధం లేదు. నాన్నగారితో నేను మాట్లాడతాను, నంబర్ మెసేజ్ చేయండి.

నర్సంపేట_మక్కచేను:
అరగంటైనా గొలుసుకే వచ్చారు కదా! రాసి పెట్టుకో, దేశీది ఆ జాలీ కూడా దాటుతుంది.

కాజీపేట_అమ్మ:
ఆ సైకిల్ పిల్లాడిని తర్వాత వెళ్లి చూశారా?

వడ్డేపల్లి_గట్టు:
చూశానక్కా. మోకాలు మానింది. వంగిన హ్యాండిల్ సరిచేయించి ఇచ్చాను. ట్యూషన్‌కు మాత్రం ఇప్పుడు వెనక గల్లీలోంచి చుట్టూ తిరిగి పోతున్నాడు.