వీడియో అప్‌లోడ్ సర్వీసులో ఎర్రర్ల నిర్వహణ, పాత కోడ్ మార్పు: మీ అనుభవాలు చెప్పగలరు

బ్రాడీపేట_బ్యాకెండ్:
గుంటూరులోని కోచింగ్ కేంద్రాల అధ్యాపకులు తమ పాఠాల వీడియోలను ఎక్కించే సర్వీసును మా బృందం నడుపుతోంది. కోడ్ నోడ్‌జేఎస్‌లో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వేదిక), పని పూర్తయ్యాక పిలవాల్సిన ఫంక్షన్‌ను ముందే ఇచ్చే పాత కాల్‌బ్యాక్ పద్ధతిలో ఉంది. నెట్ పోయినా, ఫైలు పరిమితి మించినా, లాగిన్ గడువు ముగిసినా వారికి "అప్‌లోడ్ విఫలమైంది" అన్న ఒక్క వాక్యమే కనిపిస్తోంది. లాగ్‌లో కూడా అంతకు మించి ఏమీ లేదు. మొత్తాన్ని, అదే పనిని వరుస క్రమంలో చదవగలిగేలా రాసే అసింక్-అవైట్ పద్ధతిలోకి మార్చాలనుకుంటున్నాము. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పటమట_స్ట్రీమ్:
కోడ్ రూపాన్ని ముట్టుకోకముందే, మళ్లీ పంపితే తీరే ఎర్రర్లను తీరని వాటి నుంచి విడదీయండి. సర్వర్ వైపు లోపాన్ని తెలిపే 500, 502, 503, 504 కోడ్‌లు వచ్చినప్పుడు కాసేపు ఆగి మళ్లీ పంపవచ్చు. 429తో (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయని అర్థం) గానీ 503తో గానీ రీట్రై-ఆఫ్టర్ హెడర్ వస్తే ఎంతసేపు ఆగాలో సర్వరే చెబుతున్నట్లు లెక్క. 413 వస్తే ఫైలు పరిమితిని మించిందని అర్థం కనుక, దాన్నే మళ్లీ పంపితే అధ్యాపకుల మొబైల్ డేటా వృథా కావడం తప్ప ఫలితం ఉండదు. ఆ 413 మీ కోడ్ నుంచే వస్తోందని అనుకోకండి. మీ సర్వీసుకు ముందు రిక్వెస్టులను అందుకునే ఎంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే, సెట్టింగ్ మార్చనంతవరకు దాని పరిమితి 1 ఎంబీ మాత్రమే.

గవర్నర్‌పేట_దేవ్:
ఆగే వ్యవధిని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛిక సమయాన్ని తప్పనిసరిగా కలపండి. సాయంత్రం తరగతులు ముగియగానే కేంద్రాలన్నీ ఒకేసారి ఎక్కిస్తాయి కాబట్టి, సర్వర్ ఒకసారి తడబడితే అందరి యాప్‌లూ మళ్లీ ఒకే క్షణంలో మీదపడతాయి. ఇక నెట్ తెగినప్పుడు మొదటి నుంచి పంపించడం అన్యాయం. ఆగిన అప్‌లోడ్‌ను కొనసాగించడానికి ఉన్న టస్ ప్రోటోకాల్‌లో హెడ్ రిక్వెస్ట్ పంపితే, అప్పటికి ఎన్ని బైట్లు చేరాయో అప్‌లోడ్-ఆఫ్‌సెట్ హెడర్ చెబుతుంది. అక్కడి నుంచి ప్యాచ్ రిక్వెస్ట్‌తో కొనసాగించవచ్చు.

బ్రాడీపేట_బ్యాకెండ్:
ధన్యవాదాలు. కాల్‌బ్యాక్‌లలో ఎర్రర్‌ను చూడకుండా వదిలేసిన చోట్లు చాలా ఉన్నాయి. కొత్త పద్ధతిలోకి మారిస్తే అవి వాటంతటవే బయటపడతాయా?

పటమట_స్ట్రీమ్:
బయటపడతాయి, కానీ చాలా కఠినంగా. 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి, ఎవరూ పట్టుకోని ప్రామిస్ (అసింక్-అవైట్ వెనుక ఉండే, తర్వాత వచ్చే ఫలితాన్ని సూచించే ఆబ్జెక్ట్) ఎర్రర్ ప్రాసెస్‌నే ఆపేస్తుంది. అంటే ఒకరి వీడియోలో వచ్చిన లోపం వల్ల అదే ప్రాసెస్‌లో ఎక్కుతున్న మిగతా వారి వీడియోలూ ఆగిపోతాయి. అందుకని ఒక్కొక్క మాడ్యూల్‌నే మార్చండి, దాని ఎర్రర్ దారులకు ముందుగా టెస్టులు రాయండి. స్ట్రీమ్‌లను (డేటాను ముక్కలుగా పంపే ప్రవాహాలను) పైప్‌తో కలిపిన చోట పైప్‌లైన్ అనే ఫంక్షన్ వాడండి, ఎందుకంటే పైప్ ఒక స్ట్రీమ్‌లోని ఎర్రర్‌ను తర్వాతి దానికి చేరవేయదు. ఎర్రర్‌ను పట్టుకుని కొత్తది విసిరేటప్పుడు అసలు దాన్ని కాజ్ అనే ప్రాపర్టీలో ఉంచితే, లాగ్‌లో మూలకారణం పోదు.

గవర్నర్‌పేట_దేవ్:
నిల్వ అమెజాన్ వారి ఎస్3లో అయితే మరొక విషయం. మధ్యలో ఆగిన మల్టీపార్ట్ అప్‌లోడ్‌ల (ఫైలును ముక్కలుగా పంపేవి) భాగాలు ఫైళ్ల జాబితాలో కనిపించకపోయినా వాటికి బిల్లు పడుతూనే ఉంటుంది. గడువు దాటిన వాటిని తొలగించే లైఫ్‌సైకిల్ నియమాన్ని ఈ రోజే పెట్టవచ్చు, దానికి కోడ్ మార్పు అవసరం లేదు. అయితే ఆ గడువు, ఆగిన అప్‌లోడ్‌ను కొనసాగించడానికి మీరు అధ్యాపకులకు ఇచ్చే వ్యవధి కంటే ఎక్కువగా ఉండేలా చూసుకోండి.