సందేహం: అమ్మానాన్నలతో జూలై–ఆగస్టులో జపాన్‌లో కారు ప్రయాణం, ప్లాన్ చూసి చెప్పండి

టోక్యో, నిషి కసాయి నుంచి:
అందరికీ నమస్కారం. మేము జపాన్ వచ్చి రెండేళ్లయింది. ఈ వేసవికి అమ్మ, నాన్న, తమ్ముడు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. నేను, నా భార్య, నాలుగేళ్ల పాపతో కలిపి ఆరుగురం. అమ్మకి మోకాళ్ల నొప్పి, పైగా పూర్తి శాకాహారి. ఆగస్టు 9 నుంచి 16 వరకు సెలవు పెట్టాను. టోక్యోలో కారు తీసుకుని ఫుజి కొండ, కామికోచి లోయ, షిరాకావా-గో పల్లె చూసి, అక్కడి నుంచి పైకి ఉత్తరాన ఉన్న హొక్కైడో ద్వీపానికి వెళ్లి లావెండర్ తోటలు, షిరెతోకో నేషనల్ పార్కు చూసి రావాలని అనుకుంటున్నాం. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) తీయించుకున్నాను కాబట్టి డ్రైవింగ్ నేనే చేస్తాను. సరిపోతుందా?

సప్పొరో నుంచి:
తమ్ముడూ, ముందు లైసెన్స్ సంగతి మాట్లాడుకుందాం, మిగతావి తర్వాత. ఐడీపీ జపాన్‌లో పని చేసేది దేశంలో దిగిన రోజు నుంచి ఏడాది వరకే, లేదా దాని గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. నువ్వు వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లు మూడు నెలల కంటే తక్కువ బయట ఉండి తిరిగొస్తే ఆ రాకని కొత్త రాకగా లెక్కపెట్టరు. సంక్రాంతికి వెళ్లి పది పదిహేను రోజుల్లో వచ్చి ఉంటావు కదా? అలాగైతే నీ చేతిలో ఉన్న ఐడీపీ ఎంత కొత్తదైనా నీకు పనికిరాదు. దానితో నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల యెన్‌ల వరకు జరిమానా. ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ కూడా రాదు. నువ్వు మన లైసెన్స్‌ని జపాన్ లైసెన్స్‌గా మార్చుకోవాల్సిందే. రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ ఉంటాయి. రెండోదానిలో మనవాళ్లు ఒకటికి నాలుగుసార్లు తప్పడం మామూలే. ఈ వేసవికి దాన్ని నమ్ముకోకు.

మీ తమ్ముడు విజిటర్‌గా వస్తున్నాడు కాబట్టి అతను నడపొచ్చు. హైదరాబాద్‌లో ఆర్టీయే ఇచ్చిన ఐడీపీయే కావాలి. ఆన్‌లైన్‌లో ఏవో సంస్థలు డబ్బు తీసుకుని కార్డులా ప్రింట్ చేసి ఇచ్చేవి ఇక్కడ చెల్లవు. జపాన్ ఒప్పుకునేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఐడీపీని మాత్రమే. బుక్‌లెట్ మీద ఆ సంవత్సరం ఉందో లేదో విమానం ఎక్కకముందే చూసుకోమను. కారు తీసుకునేటప్పుడు ఐడీపీ, మన అసలు లైసెన్స్, పాస్‌పోర్టు మూడూ చూపించాలి. అసలు లైసెన్స్ ఇంట్లో పెట్టి వచ్చినవాళ్లని చూశాను, కారు ఇవ్వలేదు.

నడిపేది ఒక్కడే అని తేలింది కదా, ఇప్పుడు మీ ప్లాన్ చూద్దాం. మనసు నొచ్చుకోకు, అది నలుగురు డ్రైవర్లకి రెండు వారాల ప్లాన్. ఇంకో ఇబ్బంది తేదీలతో. ఆగస్టు 11 పర్వత దినోత్సవం సెలవు, 13 నుంచి 16 వరకు ఒబోన్, అంటే పోయిన పెద్దల్ని తలుచుకునే పండుగ. దసరా, సంక్రాంతి రెండూ కలిసొచ్చినట్టు జనం సొంతూళ్లకి కదులుతారు. టోక్యో చుట్టుపక్కల హైవేలు గంటల తరబడి నిండిపోతాయి, గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. కామికోచికి సొంత కారు అసలు వెళ్లదు. సవాందోలోనో హిరాయులోనో ఆపేసి బస్సు ఎక్కాలి. ఆగస్టు రెండో వారానికి హొక్కైడోలోని ఫురానోలో లావెండర్ చాలావరకు కోసేస్తారు. పూలు చూడాలంటే జూలై రెండు, మూడు వారాలు.

నిషి కసాయి నుంచి:
అక్కా, లైసెన్స్ సంగతి చెప్పి పెద్ద గండం తప్పించారు. రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను, ఐడీపీకి దరఖాస్తు పెడుతున్నాడు. సెలవు జూలై 10 నుంచి ఎనిమిది రోజులకి మార్చుకోగలను. ఒక్క హొక్కైడోయే పెట్టుకుంటే ఎనిమిది రోజులూ ఎక్కువ కాదా? ద్వీపమే కదా.

సప్పొరో నుంచి:
ద్వీపమే, కానీ తెలంగాణలో దాదాపు ముప్పాతిక వంతు ఉంటుంది. సప్పొరో నుంచి షిరెతోకోలోని ఉతోరోకి 400 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. మ్యాప్‌లో వేలితో చూపించినంత సులువు కాదు. హైవే లేని చోట వేగ పరిమితి 60, ఊళ్లలో 40.

నేనైతే రెండే చోట్ల బస పెడతాను. మొదటిది ఫురానో లేదా బియే, మూడు రాత్రులు. రెండోది తూర్పున కవాయు ఒన్సెన్ (ఒన్సెన్ అంటే వేడినీటి ఊట స్నానాలు) వైపు, మూడు రాత్రులు. న్యూ చితోసే విమానాశ్రయంలో కారు తీసుకోండి. తిరిగి అక్కడికి రావద్దు. మెమాంబెత్సులోనో కుషిరోలోనో కారు అప్పగించి అక్కడి నుంచే టోక్యోలోని హనేదాకి విమానం ఎక్కండి. వేరే ఊళ్లో వదిలినందుకు అదనంగా తీసుకుంటారు, ఆ డబ్బు ఇచ్చేయండి. ఒక రోజంతా వెనక్కి నడిపే బాధ తప్పుతుంది.

చితోసే నుంచి హైవే మీద షిముకప్పు దాకా వెళ్లి, అక్కడ 237 నంబర్ రోడ్డు పట్టుకుంటే రెండు గంటల్లో ఫురానో. లావెండర్‌కి ఫార్మ్ తోమితాకి పొద్దున్నే తొమ్మిదిలోపు చేరండి, లోపలికి టికెట్ లేదు. ఒకప్పుడు అత్తరు నూనె కోసం ఈ ప్రాంతమంతా లావెండర్ వేసేవారు. కృత్రిమ పరిమళాలు వచ్చాక రైతులు ఒక్కొక్కరే పంట తీసేశారు. 1976లో జపాన్ రైల్వే క్యాలెండర్‌లో ఈ తోట ఫోటో వచ్చాక చూడటానికి జనం రావడం మొదలైంది. మీ నాన్నగారికి ఈ కథ చెప్పండి, వ్యవసాయం తెలిసినవాళ్లకి ఆ తోట వేరేగా కనిపిస్తుంది.

బియేలో నీలి చెరువు ఎండ ఉన్న రోజు చూడాలి. తొకాచి అగ్నిపర్వతం 1988లో పేలాక బురద ప్రవాహాలు ఆపడానికి కట్టిన అడ్డుకట్ట దగ్గర నీళ్లు నిలిచి ఏర్పడిన చెరువు అది. నీళ్లలోని అల్యూమినియం వల్ల నీలం కనిపిస్తుంది. గట్టి వాన పడితే నీళ్లు మట్టి రంగుకి తిరుగుతాయి, ఆ రోజు వెళ్లొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. బియే కొండల మీద కనిపించేవన్నీ రైతుల పొలాలు. ఫోటో కోసం గట్టు దాటి లోపలికి అడుగు పెట్టొద్దు. బూట్లకి అంటుకున్న మట్టితో పంటకి తెగులు వస్తుంది. తత్వవేత్త చెట్టు అని పేరుపడ్డ పోప్లార్ చెట్టు ఒకటి ఉండేది. జనం పొలంలోకి దూరడం ఆపలేక 2016లో రైతే దాన్ని కొట్టించేశాడు. మా ఆయన, నేను అంతకు ముందు ఏడు దాన్ని రోడ్డు మీద నుంచి చూశాం. ఇప్పుడు ఆ మలుపులో ఖాళీ గట్టు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నగోయా నుంచి:
భోజనం గురించి నేను చెప్తాను, మా అత్తగారూ పూర్తి శాకాహారే. ఇక్కడ కూరగాయల సూప్, నూడుల్స్ రసం, టెంపురా (ఇక్కడి బజ్జీలు) ముంచుకునే సాస్, అన్నింట్లోనూ దాషి ఉంటుంది. దాషి అంటే ఎక్కువగా ఎండు చేప తురుముతో కాచిన నీళ్లే. "మాంసం, చేప తినరు" అని చెప్పినా వంటవాళ్లకి దాషి గుర్తుకు రాదు, దాని పేరు విడిగా చెప్పాలి. అందుకే హోటల్ కంటే వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి. చిన్న రైస్ కుక్కర్ మీ టోక్యో ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఊరి నుంచి తెచ్చిన కుక్కర్ ఇక్కడి 100 వోల్టులకి వేడెక్కదు.

అమ్మగారు కందిపొడి, గోంగూర పచ్చడి, చింతకాయ పచ్చడి నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. తాజా కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు మాత్రం వద్దు, క్వారంటైన్ సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయంలోనే తీసేస్తారు. దారిలో మిచి నో ఎకి అని రోడ్డు పక్కన విశ్రాంతి కేంద్రాలు తరచూ వస్తాయి. శుభ్రమైన బాత్‌రూమ్‌లు, ఆ ఊరి రైతుల కూరగాయలు ఉంటాయి. హొక్కైడో మొక్కజొన్న, బంగాళాదుంపలు కొని ఆ సాయంత్రమే వండుకోండి. మా అత్తగారు ఆ దుంపలతో వేపుడు చేసి, ఇంత రుచి మన దుంపల్లో చూడలేదని రెండు రోజులు చెప్పుకున్నారు.

నిషి కసాయి నుంచి:
వదినగారూ, కుక్కర్ మాట భలే గుర్తు చేశారు, అమ్మ ఇప్పటికే సర్దేసింది! అక్కా, తూర్పు వైపు మూడు రోజులు ఏం చూపించాలి? అమ్మ ఎక్కువ నడవలేదు. తమ్ముడికి రూల్స్ విషయంలో కొంచెం టెన్షన్‌గా ఉంది.

సప్పొరో నుంచి:
అమ్మగారికి తూర్పే బాగుంటుంది. కుష్షరో సరస్సు ఒడ్డున సునాయు అనే చోట ఇసుకని చేత్తో జానెడు లోతు తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మా అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గంటసేపు అందులో కాళ్లు పెట్టుకు కూర్చుంది, మోకాళ్లకి హాయిగా ఉందని లేవనంది. ఇవోజాన్ దగ్గర కారు దిగిన కొద్ది అడుగుల్లోనే గంధకం పసుపుగా పేరుకుని, కొండ బుసబుసా ఆవిరి కక్కుతుంటుంది. మషూ సరస్సుకి వేసవిలో పొగమంచు ఎక్కువ, ఒక పూట కనిపించకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి. కవాయు నుంచి రోజూ వెళ్లేంత దగ్గరే. షిరెతోకోకి అక్కడి నుంచి రెండు గంటల్లోపే, ఒక రోజులో వెళ్లి రావచ్చు. ఐదు సరస్సుల దగ్గర ఎత్తుగా కట్టిన చెక్క బాట ఉంది, 800 మీటర్లు, వీల్‌చైర్ కూడా వెళ్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. కింద ఎలుగుబంట్లు తిరుగుతాయి, బాటకి కరెంటు కంచె ఉంది. నేల మీది బాటలోకి జూలై 31 వరకు గైడ్ లేకుండా పంపరు, మీకు ఆ అవసరమూ లేదు.

తమ్ముడికి ఇవి చెప్పు. మనలాగే ఎడమవైపు నడపడం, స్టీరింగ్ కుడివైపు, అది సులువే. తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం కనిపిస్తే రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. నెమ్మదిగా జరిగిపోతే 7,000 యెన్‌లు. రైలు గేటు తెరిచి ఉన్నా ఆగి చూసి దాటాలి. ఎర్ర లైటు ఉండగా ఎడమవైపు తిరగకూడదు. పాపకి చైల్డ్ సీటు బుకింగ్‌లోనే అడుగు, ఆరేళ్లలోపు పిల్లలకి తప్పనిసరి. చిన్న గీత పడ్డా 110కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలవాలి, వాళ్ల రికార్డు లేకపోతే ఇన్సూరెన్స్ పలకదు. పెట్రోలు ఎర్ర గొట్టం, ఆకుపచ్చది డీజిల్.

చీకటి పడ్డాక తూర్పు రోడ్ల మీద ఉండొద్దు. మూడేళ్ల కిందట తెషికగా దాటాక మసక వెలుతురులో ఒక జింక రోడ్డు దాటింది. ఆగాం. అది వెళ్లిపోయిందని మా ఆయన బ్రేకు వదిలాడో లేదో దాని వెనకే ఇంకో రెండు దూకాయి. అద్దానికి మూరెడు దూరంలో వాటిలో ఒకదాని కన్ను మెరవడం ఇప్పటికీ గుర్తుంది. ఒకటి కనిపిస్తే వెనక మంద ఉందనే అనుకోవాలి. అక్కడ జూలైలో నాలుగు కాకముందే తెల్లారుతుంది, పొద్దున్నే బయల్దేరి ఐదుకల్లా బస చేరుకోండి. చిన్న ఊళ్లలో పెట్రోలు బంకులు సాయంత్రానికే మూసేస్తారు, ఆదివారం కొన్ని తెరవరు. ట్యాంకు సగానికి వచ్చిందంటే నింపేయండి.

ఫురానో నుంచి కవాయుకి మారే రోజు ఒక్కటే పొడుగు, ఐదు గంటలు వేసుకో. కరికాచి కనుమ మీద ఒకసారి, అషోరోలో ఒకసారి, అకాన్ సరస్సు దగ్గర ఒకసారి ఆగండి. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు. ఆరుగురికి ఎనిమిది సీట్ల బండి తీసుకున్నా చివరి వరుస వేస్తే పెద్ద సూట్‌కేసులు పట్టవు. వాటిని టోక్యోలోనే ఉంచి, తలా ఒక చిన్న బ్యాగు. అమ్మానాన్నలకి స్వెట్టర్లు మర్చిపోకు, మషూ దగ్గర జూలైలోనూ చలి గాలి కొడుతుంది.

నిషి కసాయి నుంచి:
అన్నీ రాసుకున్నాను అక్కా. ఫురానోలో కాటేజీ మూడు రాత్రులకి దొరికింది, కవాయులో చూస్తున్నాను. అమ్మ అందరితో కలిసి ఒన్సెన్‌లో దిగనంటోంది, ఏం చేయాలి?

సప్పొరో నుంచి:
బుక్ చేసేటప్పుడు "కషికిరి" ఉందా అని అడుగు, అంటే కుటుంబానికి విడిగా గంటసేపు ఇచ్చే స్నానాల గది. మా అమ్మకీ అదే తీసుకున్నాం. తమ్ముడి ఐడీపీ చేతికి రాగానే 1949 అని ఉన్న పేజీ ఫోటో తీయించుకో. బండి బుక్ చేసేటప్పుడు కంపెనీకి పంపి, సరిపోతుందని రాతపూర్వకంగా చెప్పించుకో.