పర్మిట్ లేకుండా పిస్టల్: టెక్సస్ చట్టం తప్పా, ఒప్పా?

ప్లేనో అమ్మ:
నిన్న గ్రాసరీ షాపులో బిల్లు దగ్గర నా ముందున్నాయన నడుముకి పిస్టల్ ఉంది. సరిగ్గా మా ఏడేళ్లవాడి కళ్ల ఎత్తులో. "అమ్మా, ఆ అంకుల్ పోలీసా?" అని అడిగాడు వాడు. కాదు, మామూలు మనిషే. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించని ఎవరైనా లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. గవర్నర్ అబాట్ సంతకం పెట్టిన హెచ్‌బీ 1927 అనే చట్టం ఇదే. పైకి కనిపించేలా పెట్టుకుంటే హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ తొడుగులో ఉండాలి, అంతే. నాకైతే ఇది తప్పు చట్టం అనిపిస్తుంది. 2023 మేలో ఇక్కడికి దగ్గర్లోని ఆలెన్ మాల్‌లో కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు, అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ తర్వాత ఏ షాపుకెళ్లినా ముందు బయటికి దారి ఎటుందో చూసుకుంటున్నా.

రాత్రి షిఫ్ట్:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ ఆలెన్‌లో వాడు వాడింది రైఫిల్. టెక్సస్‌లో రైఫిల్ పట్టుకుని తిరగడానికి ముందు కూడా లైసెన్స్ అక్కర్లేదు. దాన్ని ఈ చట్టానికి ముడిపెట్టకండి. నేను తొమ్మిదేళ్లుగా గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నా. ఒకసారి ఒకడు నా ఛాతీకి గన్ గురిపెట్టి క్యాష్ తీయమన్నాడు. వాడేమైనా పర్మిట్ కోసం క్లాసుకెళ్లి, వేలిముద్రలిచ్చి వచ్చాడా? పర్మిట్ దొంగని ఏనాడూ ఆపలేదు. ఆపింది నాలాంటి వాణ్ణే. కారులో పెట్టుకోవడానికి ముందు నుంచీ లైసెన్స్ అక్కర్లేదంటారు. నాకు కారే లేదు, తెల్లవారుజామున నడిచి ఇంటికెళ్తా. క్లాసుకి సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. గ్రీన్ కార్డు వచ్చాక, ఈ చట్టం పుణ్యమా అని ఒకటి కొనుక్కుని ధైర్యంగా నడుస్తున్నా.

గుంటూరు2ఆస్టిన్:
అయితే హెచ్1బీ వాళ్లం కూడా పెట్టుకోవచ్చా? పర్మిట్ అడగరు కదా.

ఫ్రిస్కోవాసి:
వద్దు బ్రదర్, దయచేసి ఆ పని చేయకండి. రాష్ట్రం ఎత్తేసింది వెంట పెట్టుకుని తిరిగే పర్మిట్‌ని మాత్రమే. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, వాటిని నమ్ముకుని భవిష్యత్తుని పణంగా పెట్టొద్దు. ఇంకోటి: స్కూలుకి వెయ్యి అడుగుల లోపు తుపాకీతో తిరగకూడదని ఫెడరల్ చట్టం ఉంది. రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది, లేనివాళ్లకి లేదు. "పర్మిట్ అక్కర్లేదు" అన్న ఒక్క మాట నమ్మి స్కూలు పక్క వీధిలో నడిచేవాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

నా దగ్గరా పిస్టల్ ఉంది. అయినా ఈ చట్టం తప్పనే అంటాను. 2019లో లైసెన్స్ క్లాసుకెళ్లాను. ఐదు గంటల క్లాసు. తుపాకీ ఎప్పుడు వాడొచ్చు, ఇంట్లో పిల్లల చేతికి అందకుండా ఎలా దాచాలి, గొడవని చేయి చేసుకోకుండా ఎలా చల్లార్చాలి, ఇవన్నీ చెప్పారు. ఆ తర్వాత రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన చేసే చోట, 3, 7, 15 గజాల నుంచి 50 రౌండ్లు కాల్చాలి. 250కి 175 వస్తే పాస్. నా పక్క లేన్‌లో ఒకాయన, మంచి మనిషే, పొద్దున నాతో కాఫీ తాగాడు. గన్ ఆడక ఆగిపోతే "ఇది పనిచేయట్లేదు సార్" అంటూ ట్రిగ్గర్ మీద వేలితోనే మా వైపు తిరిగాడు. ఇన్‌స్ట్రక్టర్ ఒక్క అంగలో వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని కిందికి వంచేశాడు. ఆయన ముఖం పాలిపోయింది. నాకైతే రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇవాళ అలాంటాయన ఆ తప్పు మొదటిసారి చేసేది రేంజ్‌లో కాదు, వాల్‌మార్ట్ పార్కింగ్‌లో.

షాపు ఓనర్:
మా షాపులో వద్దనుకుంటే ఎంత తతంగమో చూడండి. తుపాకీ తేవద్దని చెప్పే బోర్డులు చట్టంలోని సెక్షన్ల ప్రకారం పెట్టాలి: లైసెన్స్ లేనివాళ్లకి 30.05, లైసెన్స్‌తో దాచి తెచ్చేవాళ్లకి 30.06, లైసెన్స్‌తో పైకి కనిపించేలా తెచ్చేవాళ్లకి 30.07. మూడు బోర్డులు, ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళం ఎత్తు అక్షరాలతో. తలుపంతా అవే. అయినా పెట్టాను.

రాత్రి షిఫ్ట్:
ఫ్రిస్కో అన్నా, క్లాసు మంచిదే, కాదనను. కానీ మంచిదైన ప్రతిదీ చట్టంతో బలవంతం చేస్తే నష్టపోయేది గంటల జీతగాడే. వెర్మాంట్‌లో పర్మిట్ అన్నదే ఎప్పుడూ లేదు. 2023లో ఫ్లోరిడా, 2024లో సౌత్ కరోలినా, లూసియానా కూడా ఎత్తేశాయి. వీళ్లందరికీ బుద్ధి లేదా?

ఫ్రిస్కోవాసి:
జీతం పోతుందంటే క్లాసుని ఉచితం చేయమని అడుగుదాం, ఆదివారం పెట్టమందాం. నేనూ సంతకం పెడతా. లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్ తన వెబ్‌సైట్‌లో తుపాకీ భద్రత మీద ఉచిత కోర్సు పెట్టాలని ఇదే చట్టంలో రాశారు. చూడటం తప్పనిసరి అని మాత్రం రాయలేదు. మీరు చూశారా?

రాత్రి షిఫ్ట్:
లేదన్నా. నిజం చెప్తున్నా. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, కాబట్టి చూస్తా, క్లాసుకీ వెళ్తా. కానీ వెళ్లి తీరాలని ప్రభుత్వం అనకూడదు. ఆ మాట మీద నేను మారను.

ఫ్రిస్కోవాసి:
వెళ్లి తీరాలని అనకపోతే ఆ పక్క లేన్ ఆయన క్లాసుకి వచ్చేవాడే కాదు తమ్ముడూ. ఆ మాట ఆయనే నాతో అన్నాడు.