పాత 5.1 రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఎక్స్‌ట్రాక్టర్ కొనాలా, దండగా?

వైర్లచిక్కు
మా హాల్లో 2006 నాటి 5.1 రిసీవర్ (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ నడిపే ఆంప్లిఫయర్) ఉంది. వెనకాల డిజిటల్ సౌండ్ కోసం రెండు ఆప్టికల్ (వెలుతురుతో పనిచేసేవి) ఇన్‌పుట్లు, ఒక కోయాక్సియల్ (మామూలు తీగది), బోలెడన్ని ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ సాకెట్లు ఉన్నాయి. హెచ్‌డీఎంఐ మాత్రం లేదు. స్పీకర్లు ఇప్పటికీ భేషుగ్గా మోగుతున్నాయి, పారేయడానికి మనసొప్పడం లేదు. ఈమధ్య టీవీ మార్చాం. బ్లూరే ప్లేయర్, గేమ్ కన్సోల్ రెండూ హెచ్‌డీఎంఐతో టీవీకి పెట్టి, టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ రిసీవర్‌కి లాగాను. ఏం పెట్టినా రిసీవర్ డిస్‌ప్లే మీద పీసీఎం 2.0, అంటే ప్యాక్ చేయని రెండు చానళ్ల సౌండ్ అనే వస్తోంది. వెనక స్పీకర్లు రెండూ మూగనోము పట్టాయి. ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ కొనమని ఒకరు, అది దండగ, సౌండ్‌బార్ తీసుకో అని ఇంకొకరు. ఏం చేయమంటారు?

బాస్‌రాజా
కొనండి, ఇందులో ఆలోచించేదేముంది? చాలా టీవీలు ఆప్టికల్‌ని సవతిబిడ్డలా చూస్తాయి. హెచ్‌డీఎంఐలోంచి లోపలికి వచ్చిన సౌండ్‌ని రెండు చానళ్లకు కుదించి బయటికి పంపేస్తాయి. డీటీఎస్‌నైతే (డాల్బీ లాంటిదే, ఇంకో 5.1 సౌండ్ పద్ధతి) కొన్ని టీవీలు గుమ్మం కూడా తొక్కనివ్వవు. ఎక్స్‌ట్రాక్టర్ టీవీకి చేరకముందే సౌండ్‌ని పక్కకు తీస్తుంది. ప్లేయర్ నుంచి హెచ్‌డీఎంఐ దాంట్లోకి, దాంట్లోంచి హెచ్‌డీఎంఐ టీవీకి, ఆప్టికల్ రిసీవర్‌కి. మూడేళ్లుగా నేను ఇలాగే వాడుతున్నాను.

చెవిలోజోరీగ
ఆగండాగండి. రోగం తెలియకుండా మందు రాసేస్తున్నారు. వైర్లచిక్కు గారూ, ముందు రెండు పనులు చేయండి. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ ఔట్‌పుట్ అని ఉంటుంది, అది పీసీఎంలో ఉందేమో చూసి ఆటో లేదా బిట్‌స్ట్రీమ్‌కి (డాల్బీ, డీటీఎస్ ప్యాకెట్‌ని విప్పకుండా రిసీవర్‌కి పంపడం) మార్చండి. రెండోది, బ్లూరే ప్లేయర్‌ని వెనక్కి తిప్పి చూడండి. పాత ప్లేయర్లలో ఆప్టికల్ గానీ కోయాక్సియల్ గానీ ఉంటుంది. బొమ్మ హెచ్‌డీఎంఐలో టీవీకి, సౌండ్ నేరుగా రిసీవర్‌కి పోతుంది. మధ్యలో ఏ డబ్బా అక్కర్లేదు.

సౌండ్‌బార్‌చాలు
2006 రిసీవర్‌కి ఎన్ని డబ్బాలు తగిలించినా లాభం లేదు సార్. ఆప్టికల్ అనేది 1983లో తోషిబా తెచ్చిన టాస్‌లింక్. సీడీ ప్లేయర్ల కాలం నాటిది. కొత్త సౌండ్ ఫార్మాట్లు చూడండి: డాల్బీ ట్రూహెచ్‌డీ దాంట్లో పోదు, డీటీఎస్-హెచ్‌డీ పోదు, అట్మాస్ పోదు, స్ట్రీమింగ్‌లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా పోదు. ఈఆర్క్ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే వెనక్కి తెచ్చే సదుపాయం) ఉన్న సౌండ్‌బార్ ఒకటి తీసుకుంటే ఒక్క కేబుల్, ఒక్క రిమోట్. తలనొప్పి వదులుతుంది.

బాస్‌రాజా
పోవు, నిజమే. కానీ మీరు సగమే చెప్పారు. బ్లూరే డిస్కులో ట్రూహెచ్‌డీ ట్రాక్ ఉంటే దాని వెంట మామూలు డాల్బీ డిజిటల్ కూడా ఉంటుంది. డీటీఎస్-హెచ్‌డీ ట్రాక్ లోపల మామూలు డీటీఎస్ దాగి ఉంటుంది. ఆప్టికల్‌కి ప్లేయర్ అదే పంపుతుంది. డీవీడీలో డాల్బీ డిజిటల్ సెకనుకు 448 కిలోబిట్లు దాటదు, బ్లూరేలో 640 దాకా వెళ్తుంది. డీటీఎస్ అయితే 1,509. అంటే ఈ పాత రిసీవర్‌కి కొన్న రోజున అందినదానికన్నా మంచి సరుకే ఇప్పుడు అందుతుంది. అయిదు వేర్వేరు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఇచ్చే చుట్టుముట్టే శబ్దం టీవీ కింద పెట్టిన కర్రముక్క ఇస్తుందా?

సౌండ్‌బార్‌చాలు
కర్రముక్క అనకండి :) మా ఇంట్లో హాయిగా వింటున్నాం.

వైర్లచిక్కు
టీవీ మెనూ చూశాను. జోరీగ గారు చెప్పినట్టే పీసీఎంలో ఉంది, సిగ్గేస్తోంది. ఆటోకి మార్చగానే టీవీలోని యాప్‌లో సినిమా 5.1లో వచ్చింది! ప్లేయర్ వెనక ఆప్టికల్ లేదు గానీ నారింజ రంగు కోయాక్సియల్ ఒకటి కనిపించింది. మామూలు ఆర్‌సీఏ కేబుల్ తగిలిస్తే డిస్‌ప్లే మీద డీటీఎస్ అని వెలిగింది. మిగిలింది కన్సోల్. అదొక్కటే ఇంకా 2.0. దానికి హెచ్‌డీఎంఐ తప్ప మరో దారి లేదు.

చెవిలోజోరీగ
యాప్‌లో వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్సే. దాన్ని మామూలు డాల్బీగా మార్చి ఆప్టికల్‌లోకి పంపుతోంది మీ టీవీ, అందుకే పలికింది. కన్సోల్‌కైతే డబ్బా అవసరమే, ఒప్పుకుంటాను. కానీ ముందొక మాట చెప్పండి. మీ టీవీ 120 హెర్ట్జ్‌దా (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేదా), 60దా? ఎక్స్‌ట్రాక్టర్లలో ఎక్కువ భాగం హెచ్‌డీఎంఐ 2.0వి, సెకనుకు 18 గిగాబిట్ల దగ్గర ఆగిపోతాయి. 4కే 60 హెర్ట్జ్ వరకు సుఖం. 4కే 120 కావాలంటే అది గొంతు పట్టుకుంటుంది. ఇంకా పాతవి 1.4వి, 10.2 గిగాబిట్లు, వాటిలో 4కే 30 హెర్ట్జ్ దాటదు. సౌండ్ కోసం వెళ్లి బొమ్మ పోగొట్టుకున్నట్టవుతుంది.

వైర్లచిక్కు
60 హెర్ట్జ్‌దే. బతికిపోయాను.

జాయ్‌స్టిక్
గేమ్ ఆడేవాడిగా నా అనుభవం. కన్సోల్ ఆట సౌండ్‌ని అప్పటికప్పుడు డాల్బీలోకి మార్చి పంపాలి కదా, అక్కడ కాస్త ఆలస్యం వస్తుంది. తుపాకీ పేలాక చప్పుడు వినిపిస్తుందనేంత కాదు గానీ, తాళానికి తగ్గట్టు బటన్ నొక్కే ఆటల్లో నాకు తేడా తెలిసిపోయింది. వాటికి స్టీరియో పీసీఎం పెట్టుకుంటాను. మిగతావాటికి 5.1.

పాతపెట్టె
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా సిస్టమ్‌కి ఆప్టికల్ కూడా లేదు. వెనకాల ఆరు ఆర్‌సీఏలే. ఇదే ఎక్స్‌ట్రాక్టర్ పనికొస్తుందా?

బాస్‌రాజా
ఇది పనికిరాదు. మామూలు ఎక్స్‌ట్రాక్టర్‌లో ఎడమ, కుడి రెండే అనలాగ్ సాకెట్లు ఉంటాయి, అవి పీసీఎంని మాత్రమే పలికిస్తాయి. డాల్బీ పంపితే నిశ్శబ్దం, లేదా బుస్సుమనే రొద. మీకు లోపల డాల్బీ, డీటీఎస్ డీకోడర్ ఉండి ఆరు సాకెట్లూ ఉన్న రకం కావాలి. అట్టపెట్టె మీద 5.1 అని ఉంటే నమ్మకండి, వెనకాల సాకెట్లు లెక్కపెట్టుకోండి.

చెవిలోజోరీగ
వైర్లచిక్కు గారూ, కొనేటప్పుడు మూడు చూడండి. హెచ్‌డీసీపీ 2.2 (సినిమా కాపీ కాకుండా వేసే తాళం) ఉండాలి, లేకపోతే 4కే సినిమా పెట్టగానే తెర నల్లబడుతుంది. సౌండ్ ఎంచుకునే స్విచ్ ఉండాలి. విడిగా అడాప్టర్ ఉండాలి, టీవీ యూఎస్‌బీ మీద ఆధారపడితే టీవీ ఆపినప్పుడల్లా డబ్బా కూడా ఆరిపోతుంది. బంగారు పూత అంటూ ఎక్కువ అడిగేదాని జోలికి పోకండి, ఆప్టికల్‌లో పోయేది వెలుతురు.

వైర్లచిక్కు
పది రోజులైంది, సంగతి చెప్తాను. డబ్బా వచ్చిన రోజు అన్నీ తగిలించాను, చప్పుడు లేదు. గంటసేపు మెనూలన్నీ తిరగేశాను. చివరికి మా అమ్మాయి ఆప్టికల్ కేబుల్ ఊడదీసి చూపించింది. కొసకి గోరంత ప్లాస్టిక్ టోపీ అలాగే ఉంది, కనిపించకుండా అదీ సాకెట్‌లో దూరిపోయింది. తీసేస్తే కొసన ఎర్ర వెలుగు.

తర్వాతా 2.0నే. ఈసారి తప్పు స్విచ్‌ది, పాస్‌లో ఉంది. డబ్బా టీవీని అడిగి, టీవీ "నాకు స్టీరియో చాలు" అంటే ఆ మాటే కన్సోల్‌కి మోస్తోంది. స్విచ్‌ని 5.1కి జరిపాను, కన్సోల్‌లో బిట్‌స్ట్రీమ్ డాల్బీ పెట్టాను. రిసీవర్ మీద డాల్బీ డిజిటల్ అని నీలం అక్షరాలు వెలిగాయి. వెనక స్పీకర్‌లో వాన పడింది.

ఒక లోటు ఉంది. బొమ్మ కంటే మాట ఒక్క క్షణం ముందొస్తోంది. సౌండ్ టీవీకి వెళ్లకుండానే బయటపడుతోంది కాబట్టి కాబోలు. రిసీవర్‌లో డిలే 60 మిల్లీసెకన్లు పెడితే పెదవులు కలిశాయి.

సౌండ్‌బార్‌చాలు
అంతా బాగుంది. ఇప్పుడు మీ దగ్గర రిమోట్లెన్ని?

వైర్లచిక్కు
మూడు. కన్సోల్ కంట్రోలర్ కలిపితే నాలుగు. వాల్యూమ్‌కి మాత్రం పాత రిసీవర్ రిమోటే. దాని వెనక బ్యాటరీ మూత ఎప్పుడో పోయింది, రబ్బరు బ్యాండ్ వేశాం.