తిండి కరవైన జంతువు తెగిస్తుందా, జాగ్రత్తపడుతుందా?

ప్రశ్న:
ఆకలి ముదిరిన జంతువు ప్రమాదాన్ని లెక్కచేయదని తరచూ చదువుతుంటాం. నీరసించిన జంతువు ఉన్న శక్తిని పొదుపు చేసుకుంటూ ఆచితూచి నడుచుకోవడమే సబబని నాకనిపిస్తుంది. ఈ విషయం ప్రయోగాల్లో ఎంతవరకు తేలిందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
మీరు చెప్పిన రెండు ధోరణులూ ఒకే జాతి పక్షుల్లో కనిపించాయి. థామస్ కరాకో బృందం 1990లో ప్రచురించిన ప్రయోగంలో పసుపు కళ్ల జుంకోలనే చిన్న పక్షుల ముందు రెండు ఏర్పాట్లు ఉంచారు: ఒకవైపు ప్రతిసారీ అన్నే గింజలు, మరోవైపు ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ, సగటు మాత్రం సమానం. ఉష్ణోగ్రత 19 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు అవి ఖాయంగా దొరికే వైపు మొగ్గాయి. 1 డిగ్రీ వద్ద, దొరికితే దండిగా దొరికే వైపుకు మళ్లాయి. చలిలో ఒంటి వేడిని నిలుపుకోవడానికే చాలా శక్తి ఖర్చవుతుంది కనుక, ఖాయమైన వాటా తెల్లవారేదాకా చాలదనుకున్నప్పుడు జూదమొక్కటే దారి. అందుచేత, చేతికందే తిండి అవసరానికి సరిపోతుందా లేదా అన్నదే ఆకలి తీవ్రత కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

రెండో జవాబు:
పై జవాబులోని ప్రమాదం తిండి రాబడి నిలకడగా ఉంటుందా లేదా అన్నదానికి సంబంధించినది. వేటాడే జంతువుకు చిక్కే ప్రమాదం వేరు, ఈ రెండింటినీ కలిపేస్తే చర్చ తికమకవుతుంది. ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో సింక్లెయిర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహపరిశోధకుడు విల్డెబీస్టులనే గడ్డిమేసే పెద్ద జంతువులు ఎంత పుష్టిగా ఉన్నాయో తెలుసుకోవడానికి వాటి ఎముకల మూలుగలోని కొవ్వును పరిశీలించి 1995లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వేటకు బలైనవి బతికున్న మందకన్నా బక్కగా, ఆకలితో చచ్చినవాటికన్నా మెరుగ్గా ఉన్నాయి. అంటే తిండి పూర్తిగా అడుగంటకముందే అవి గడ్డి కోసం ప్రమాదకరమైన చోట్లకు వెళ్లడం మొదలుపెడుతున్నాయని వారి వివరణ. బలహీనపడ్డ జంతువు పరుగెత్తలేకపోవడం కూడా ఇందులో కొంత కారణం కావచ్చు.

మూడో జవాబు:
జుంకోల ఫలితాన్ని అన్ని జంతువులకూ వర్తింపజేయడం తొందరపాటు. కాసెల్నిక్, బేట్సన్ అనే పరిశోధకులు 1996లో ఇలాంటి ప్రయోగాలపై చేసిన సమీక్షలో, తిండి పరిమాణం మారుతూ ఉంటే జంతువులు ఎక్కువగా నిలకడనే కోరుకున్నాయనీ, తిండి అందేందుకు పట్టే సమయం మారుతూ ఉంటే అనిశ్చితివైపే మొగ్గాయనీ తేలింది; ఆకలి స్థితి ఒక్కదానితో దీన్ని వివరించలేం. పైగా ఒంట్లో నిల్వ ఎంత అన్నది జాతిని బట్టి మారుతుంది. చిన్న పక్షికి ఒక్క రాత్రి గడవడమే గండం, నెలల తరబడి తినకుండా ఉండగల కొండచిలువకు అలాంటి గడువే లేదు.